తుప్పల దగ్గర మనిషి

ఆ ఉదయం ఆకాశానికి తెల్లారడం ఇష్టం లేనట్టుంది. మబ్బు నేలదాకా దిగింది.

కూతురు చెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నాన్నా, వాడు ఈరోజూ ఉంటాడు."

"ఎవడే?"

"తుప్పల దగ్గర. కర్ర పట్టుకుని అటు తిరిగి నిలబడతాడు. పలకడు, ఉలకడు."

బండి లాగే తండ్రికి నిద్రమత్తు వదిలిపోయింది. తల్లి అప్పటికే వీధులు ఊడ్చే పనికి వెళ్లిపోయింది.

"ముందే చెప్పవేం?"

"ఇంట్లోనే గుంత తవ్వు నాన్నా అని మొత్తుకుంటున్నాగా!"

"అగ్గిపెట్టంత ఇల్లు. అందులో మహారాణికి మరుగుదొడ్డి కూడానా? వానలు తగ్గనీ, చూద్దాం. పద, ముందు వాడి సంగతి తేలుస్తా."

బండిలోని ఇనప కడ్డీ తీసుకుని వెనకే నడిచాడు.

మనిషి ఉన్నాడు. నెత్తిన తువ్వాలు వేసుకుని, వీళ్లకి వీపు పెట్టి.

"ఆడపిల్లలొచ్చే చోట నీకేం పనిరా?"

అతను ఉలిక్కిపడి తిరిగాడు. "అరవకు అన్నా. తుప్పల్లో..."

కడ్డీ లేచింది. అతని కుడి మణికట్టు చిటుక్కుమంది.

అతను తిరగబడలేదు. "పిల్లని ఒక్కదాన్నే పంపకు," అంటూ చెయ్యి కడుపుకి అదుముకుని వెళ్లిపోయాడు.

"ఇక ఈ ఛాయలకి రాడు," అన్నాడు తండ్రి.

మర్నాడు అక్కడ ఎవరూ లేరు.

అయినా కూతురికి ఎందుకో మరింత భయం వేసింది. గాలి లేదు. తుప్పలు కదులుతున్నాయి.

మొదట ఒక కుక్క వచ్చింది. బక్కది. దాని వెనక మరొకటి. ఆ వెనక ఇంకా. ఒక్కటీ మొరగడం లేదు.

కేక విని తండ్రి పరిగెత్తేసరికి పిల్ల బురదలో ఉంది. పిక్క చీరుకుపోయింది.

ఆసుపత్రిలో కట్టు కడుతూ నర్సు అడిగింది.

"ఆ తుప్పల దగ్గరా? మరి మేస్త్రీ లేడా? రోజూ తెల్లారుజామున కుక్కల్ని తోలుతూ ఉంటాడుగా!"

"ఆ మేస్త్రీ ఇల్లెక్కడ?" అని అడిగాడు తండ్రి.

కూతుర్ని బండిలో కూర్చోబెట్టుకుని మేస్త్రీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. గుమ్మంలో మేస్త్రీ భార్య గొంతు తగ్గించి ఏదో చెప్పింది. తండ్రి బండి దగ్గరికి వెనక్కెళ్లి కూతుర్ని ఎత్తుకున్నాడు.

లోపల మేస్త్రీ చేతికి కట్టుతో కూర్చుని ఉన్నాడు.

"తప్పైపోయింది అన్నా. ఈరోజే గుంత తవ్వుతాను. నువ్వొచ్చి గోడ..."

"వేరేవాళ్లతో పెట్టించుకో. ఈ చేత్తో ఇక తాపీ పట్టలేనట."

"ముందు తినండి," అంటూ భార్య నాలుగు కంచాలు పెట్టింది.

ఊళ్లో అందరికీ మరుగుదొడ్లు కట్టి, తన ఇంటికి కట్టుకునే తీరిక మాత్రం దొరకని ఆ మేస్త్రీ కూతుర్ని ఆ తుప్పల్లోనే కుక్కలు చంపేశాయన్న మాట, అన్నం తింటున్నంతసేపూ నలుగురిలో ఎవరూ ఎత్తలేదు.