పాస్టరయ్య సర్టిఫికెట్ వయసు

ఫోను చూపిస్తే చాలు, దేని వయసైనా చెప్పేసే రోజులొచ్చాయి. బేతంచెర్ల ఆడవాళ్ళు వంకాయలకూ కోడిగుడ్లకూ చూపించి బేరమాడినంత కాలం బాగానే ఉంది. చర్చిలో కొత్తగా పరిచిన నాపరాళ్ళకు చూపించేసరికి పాస్టర్ ఇమ్మానుయేలయ్యకు చిక్కొచ్చి పడింది. ఒక్కో బండ వయసు వంద కోట్ల ఏళ్ళు దాటింది. ఆయనేమో ముప్ఫై ఏళ్ళుగా, భూమి పుట్టి ఆరువేల ఏళ్ళేనని బోధిస్తున్నాడు.

ఆదివారం ఆయన పుల్పిట్ మీద గుద్ది మరీ చెప్పాడు. "ఫోను మాట నమ్మొద్దు! గ్రంథంలో రాసిందే నిజం!"

సంఘ పెద్ద సలోమమ్మ లేచి ఫోను ఆయన వైపు తిప్పింది. "అయ్యగారూ, మీకు అరవై రెండంటాంది."

ఆ సంఘంలో పాస్టర్లకు అరవైకే రిటైర్మెంట్. ఆయన సర్టిఫికెట్‌లో ఇంకా యాభై ఎనిమిదే. ఫోను అబద్ధమని ఇంకొక్కసారి అంటే చాలు, ఉద్యోగమూ క్వార్టరూ నిలుస్తాయి. కానీ ఆయన మోకాళ్ళు ఎప్పుడో నిజం చెప్పేశాయి. దేవుని మందిరంలో నిలబడి కాదనడానికి నోరు రాలేదు.

"అది... బడిలో వేసేటప్పుడు పంతులు నాలుగేళ్ళు తగ్గించి, జులై ఒకటని రాసేసినాడమ్మా. మా నాయనే రాయించినాడు. నా మంచికే."

సలోమమ్మ తృప్తిగా కూర్చుని కాళ్ళ కింది బండను చేత్తో నిమిరింది.

"అట్ల చెప్పండి. భూమిని బడిలో వేసేటప్పుడు గూడా, పైనున్న తండ్రి తగ్గించే రాయించింటాడు లెండి."