గోడ ఆగిన చోటు

అక్క వంటింటిని సముద్రం మొన్ననే పట్టుకుపోయింది. మిగిలిన రెండు గదులూ ఇవాళో రేపో అన్నట్టున్నాయి. అందుకే ఆమె తమ్ముడు, ఇంజనీరు, సెలవు పెట్టి సామాన్లు మోయడానికి వచ్చాడు.

మోయడమంటే మాటలు కాదు. అక్క బట్టలు కుడుతుంది. కుట్టుమిషను ఒక్కటే ఇద్దరు మనుషుల బరువు. అది చాలదన్నట్టు ఒక్క గుండీ కూడా వదలనంటోంది. బస్సు డ్రైవరైన బావ పొద్దుటి నుంచి తలుపుల బందులు ఊడదీస్తున్నాడు తప్ప బావమరిది ముఖం చూడలేదు.

అందులో ఆయన తప్పేమీ లేదు. కిటికీలోంచి చూస్తే కొత్త రాతిగోడ కనిపిస్తుంది. తీరం కోసుకుపోకుండా కట్టిన గోడ. వీధిలో అన్ని ఇళ్ల ముందూ దర్జాగా సాగి, సరిగ్గా అక్క ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. దాన్ని కట్టించింది ఇంజనీరే.

దాంతో అతనికి ఊళ్లో ఎక్కడలేని పేరొచ్చింది. సొంత అక్కను కూడా చూడని నిక్కచ్చి మనిషని టీ కొట్టు నుంచి ఆఫీసు దాకా చెప్పుకున్నారు. పై అధికారి నలుగురిలో నిలబెట్టి మరీ మెచ్చుకున్నాడు. అప్పటి నుంచి ఎవరు పొగిడినా అతనికి ముద్ద దిగడం లేదు.

చివరికి బావే నోరు విప్పాడు.

"ఇంకో నాలుగు లారీల రాళ్లు పోయిస్తే నీ సొమ్మేం పోయేదయ్యా?"

అక్క అంతెత్తున లేచింది. తల్లి పోయినప్పటి నుంచి తమ్ముణ్ణి ఎవరినీ ఒక్క మాట అననివ్వదు.

"సొంతవాళ్లకో రూలు, బయటివాళ్లకో రూలు అనే రకం కాదు వాడు. ఇల్లు పోతే పోయింది. వాడి పేరు నిలబడింది. నాకది చాలు."

ఇక అతనికి ఉండబట్టలేదు.

"పేరు సంగతి వదిలెయ్ అక్కా. గోడ ఆగిన చోట సముద్రం ఊరుకోదు. అల గోడ చివర నుంచి మళ్లి, పక్కనున్న ఇసకని తవ్వేస్తుంది. అసలు గోడే లేకపోతే నీ ఇల్లు ఇంకొన్నేళ్లు ఉండేదేమో. ఇదంతా నాకు ముందే తెలుసు."

బావ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. అక్క కిటికీ వైపు తిరిగింది. వంటిల్లు ఉండిన చోటికి నురగ వచ్చి వెనక్కి పోతోంది. ఆమె నాలుగు తిడితే బాగుండునని అతను తల వంచుకుని నిలబడ్డాడు.

ఆమె తిట్టలేదు. అరచేత్తో ముఖం తుడుచుకుని దగ్గరికి వచ్చింది.

"తెలిసి మాత్రం ఏం చేస్తావురా పిచ్చోడా? గోడ ఎక్కడో ఒకచోట ఆగాలిగా. నా ఇల్లు దాటి ఆగితే గుట్ట అవతలి వాళ్ల ఇళ్లు పోతాయి. ఇంకొకళ్ల ఉసురు పోసుకోవడం కన్నా నా ఇల్లు పోవడమే నయం."

బావ కూడా మెత్తబడ్డాడు. కోపంలో నోరు జారానని, మనసులో పెట్టుకోవద్దని చెప్పి భుజం మీద చెయ్యి వేశాడు. ముగ్గురూ కలిసి కుట్టుమిషన్ను వ్యానులోకి ఎక్కించారు. వెనక్కి తిరిగి చూసేది లేదని పంతం పట్టిన అక్క, వ్యాను కదలకముందే చూసేసింది. చూసి ఏడ్చింది.

అతను వ్యాను పక్కనే నిలబడి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ వ్యాను తలుపు గడియ సరిచేసి ఊరుకున్నాడు.

గోడను అక్క ఇల్లు దాటించి, ఆ పక్కనే ఉన్న రాతిగుట్టకు ఆనిస్తే ఎవరి ఇల్లూ పోదని సర్వే చేసినవాళ్లు తేల్చి చెప్పినా, సొంతవాళ్ల కోసం కట్టించాడని జనం అంటారని భయపడి, ఇవతలే ఆపించింది అతనే.