బలం చొక్కా

ఊరంతా బలం చొక్కాలు తొడుక్కోవడం మొదలెట్టాక జలజ జిమ్ము ఖాళీ అయిపోయింది. చొక్కా ఉంటే ముసలమ్మ కూడా బీరువాని ఒంటిచేత్తో జరిపేస్తోంది, ఇక కసరత్తు ఎవరిక్కావాలి? జలజ ఇన్నేళ్లూ కసరత్తు నేర్పిన కెటిల్‌బెల్స్‌లో, ఆ పిడి ఉన్న ఇనప గుండ్లలో, కొన్నిటిని ఇరుగుపొరుగువాళ్లు పట్టుకెళ్లి, తలుపులు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు.

అలాంటి రోజుల్లో ప్రణీత వచ్చింది.

"మా పాపని చొక్కా లేకుండా ఒక్కసారి ఎత్తుకోవాలండీ. చొక్కాతో ఎత్తుకుంటే దూదిలా ఉంటుంది, బరువే తెలీదు," అంది. పాపకి అప్పటికింకా నడక రాలేదు.

చొక్కాకి అలవాటుపడిన ఆ చేతులు అన్నిటికంటే చిన్న కెటిల్‌బెల్‌ని కూడా నేల మీంచి లేపలేకపోయాయి. ప్రణీత ఆత్రపడినప్పుడల్లా జలజ అందరికీ చెప్పే మాటే చెప్పింది.

"తొందరపడకమ్మా, నడుం పట్టేస్తుంది. మెల్లగా ఎత్తు, మెల్లగా దించు."

బలం మెల్లగానే వచ్చింది. పాప మాత్రం ఆగకుండా పెరిగింది.

పెద్ద కెటిల్‌బెల్ ఛాతీ దాకా లేచిన రోజున ప్రణీత ఇంటికి పరుగెత్తి పాపని నడిపించుకొచ్చింది. తన డ్రెస్సు మీది బలం చొక్కా విప్పేసి, వంగి ఎత్తుకుంది. చేతులు వణికాయి. మొహం వెలిగిపోయింది.

అమ్మ చేతుల్లో వణుకు పాప ఎన్నడూ ఎరగదు. మెడని గట్టిగా పట్టుకుని ఏడుపు లంకించుకుంది.

"అమ్మా, పడేస్తావ్! చొక్కా తొడుక్కో!"

ప్రణీత జలజ వైపు చూసింది.

"మెల్లగా దించమ్మా," అంది జలజ. ఆమెకు వచ్చిన మాట అదొక్కటే.