సాయంకాలపు మాండి

"తలుపు తియ్యవయ్యా! చన్నీళ్లు పోసుకుంటే గుండె తట్టుకోదని డాక్టరు పొద్దునేగా చెప్పాడు!"

తుమీరా స్నానాల గది తలుపును రెండు చేతులా బాదుతోంది. ఆమె కాచిన నీళ్లు పొయ్యి మీద మరిగిపోతున్నాయి.

"నీ వేన్నీళ్లు ఏ బాలింతకైనా పట్టుకెళ్లి ఇవ్వు!" లోపలి నుంచి మొగుడు వగిమిన్ అరిచాడు. "నా సాయంకాలం మాండి ఒక్కనాడు తప్పిందా? ఇవాళ తప్పితే వీధిలో తలెత్తుకుని తిరగగలనా?"

ఆయన బాధా నిజమే. బంగాళాదుంప ఆకుల మీద మంచు పేరుకునే ఆ జావా కొండ ఊళ్లో, సాయంత్రమైతే ఎదురుపడ్డ ప్రతివాళ్లూ "మాండి అయిందా?" అని స్నానం సంగతే అడిగి పలకరిస్తారు. అందరూ నీళ్లు కాచుకుంటారు. వగిమిన్ ఒక్కడే తొట్టిలో చన్నీళ్లు మగ్గుతో ముంచి అలాగే కుమ్మరించుకుంటాడని పేరు. ఆ చప్పుడు విని, "అదీ మగాడంటే!" అని వీధివాళ్లు కుర్రాళ్లకు బుద్ధి చెబుతుంటారు.

ధభేల్! ధభేల్! నీళ్లు పడ్డప్పుడల్లా తుమీరా గుండె చేత్తో పట్టుకుంటోంది.

"చప్పుడు వస్తోందంటే మామయ్య బాగానే ఉన్నట్టు అత్తయ్యా," అంది కోడలు లస్త్రి.

అంతలో చప్పుడు ఆగిపోయింది.

"ఏమయ్యా?"

పలుకు లేదు.

"మామయ్యా!"

ఉలుకూ లేదు. అత్తాకోడళ్లు భుజాలు ఆనించి ఒక్క తోపు తోశారు. గడియ ఊడి అవతల పడింది.

వగిమిన్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. స్వెట్టరు, మెడకు మఫ్లరు, రెండు లుంగీలు. ముందు జుట్టు తప్ప ఒంటి మీద ఎక్కడా తడి లేదు. నేలంతా నీళ్లు. చేతిలో పిడి ఊడిన మగ్గు.

"పిలుస్తుంటే పలకవేం?"

"పలికితే ఎందుకు ఆపావని అడుగుతారుగా! పిడి లేకుండా ముంచితే చెయ్యి తడుస్తుంది."

లస్త్రి కొంగు నోట్లో కుక్కుకుంది. తుమీరా మాత్రం తడి నేల మీదే చతికిలబడి, మొగుడి మోకాళ్లు పట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

"బతికించావు! ఇన్నేళ్లకు నా మాట విన్నావు. డాక్టరు చెప్పాడని ఈ ఒక్కరోజు ఊరిని మోసం చేస్తే చేశావులే."

వగిమిన్ మగ్గులోకి చూస్తూ గొణిగాడు.

"డాక్టరుదేముందే... పెళ్లయిన కొత్తలో నువ్వు నీళ్లు కాచిస్తానంటే, నాకు చన్నీళ్లే అలవాటని గొప్పలు పోయాను చూడు, ఆ సాయంత్రం నుంచీ రోజూ స్నానం ఈ నేలకే!"