టెలిఫోన్ సీటు

రెండువేల సంవత్సరంలో నాలాలు పొంగి హైదరాబాదు సగం మునిగిన వరద వచ్చిందే, దానికి ముందటేడు.

మాదాపూర్‌లో అప్పటికింకా మేడలకంటే బండలే ఎక్కువ. ఆ బండల మధ్య ఒక చిన్న కంపెనీ. పైఅంతస్తులో కంప్యూటర్లు. కింద టెలిఫోన్ బోర్డు.

ఆ పొద్దున పైన పెద్ద మిషన్ లేవలేదు. అందరి పనీ దాంట్లోనే ఉంది. అది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. లినక్స్‌కు గుండెకాయలాంటిది కెర్నల్. ముందురోజు సాయంత్రం పాతదాని పక్కన కొత్త కెర్నల్ ఎక్కించి పోయినవాడు రాబిన్.

మేనేజర్ వెంకటరామయ్య వచ్చి అతని టేబుల్ ముందు నిలబడ్డాడు. రాబిన్ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు.

"ఎక్కించింది మీరే కదండీ. ఇప్పుడది సగంలో బిగుసుకుపోయింది."

"లేపుతా సార్."

"భోజనాల దాకా చూస్తాను. లేవకపోతే అంతా చెరిపేసి కొత్తగా ఎక్కిస్తాం. మీరు కింద టెలిఫోన్ సీట్లో కూర్చుందురు గాని. మీకదే సుఖం. మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

"నేను ఇంజనీరుగా చేరిన సార్."

"ఫోనెత్తడం తప్పా ఏంటండీ?"

"తప్పు కాదు. నా పని కాదు."

మేనేజర్ వెళ్ళిపోయాడు. పక్క టేబుల్ ప్రశాంత్ లేచి వచ్చాడు. అతని భుజం మీద చెయ్యేసి రాబిన్ మిషన్ ఉన్న గదికి నడిచాడు.

"ఏంది రాబిన్, మొహం మీదనే గట్ల అంటవు? ఊ అంటే అయిపోవు కద."

"ఊ అంటే కింద కూసోవాలె. నువ్వు కూసుంటవా?"

"నన్నెందుకు కూసోబెడతరు?"

"నేనూ అదే అడుగుతున్న."

ప్రశాంత్ మిషన్ ఆన్ చేశాడు.

"ఏం రాసుంది? చదువు," అన్నాడు రాబిన్.

"గదే. 'బూటింగ్ ద కెర్నల్' అని చుక్క పెట్టి ఆగింది."

"పాత కెర్నల్‌తోని?"

"అది గూడ గంతే. పొద్దుగాల్నుంచి ఆపుడు, పెట్టుడు. ఇదే పని."

"రెండూ ఒక్కతీరుగ ఆగినయంటే తప్పు కెర్నల్‌ది కాదు. మల్ల పెట్టు. ఈసారి ఆపకు. జర ఏసీ బంద్ చెయ్."

ఏసీ ఆగింది. బయట బండలు కొడుతున్న చప్పుడు. రాబిన్ వంగి మిషన్ పెట్టెకు చెవి ఆనించాడు.

గుమ్మంలో భార్గవి నవ్వింది. ఆమెదీ ఆ ఆఫీసే, ఊరు కడప. "ఏమప్పా, నాడి దొరికిందా?"

"దొరికింది. డిస్క్ గరగరమంటోంది. ఇది ఆగలే. ఆగింది మీ తెర."

నవ్వు విని మేనేజర్ కూడా వచ్చాడు. "తెర ఆగితే మిషన్ ఆగినట్టే కదండీ. ఎదురుగా కనబడుతుంటే!"

"కనబడిందే నిజమంటే ఎట్ల సార్?"

రాబిన్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఒక మీట నొక్కాడు. "ప్రశాంత్, కీబోర్డు మూలకున్న లైటు వెలిగిందా?"

"వెలిగింది."

"బతికే ఉంది."

ఆ ఆగిన తెర మీదే తన పేరు కొట్టాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. ఒక్క అక్షరం కదల్లేదు. రాబిన్ పట్టించుకోలేదు. అతని మొహం గోడవైపు ఉంది.

"ఎవరికండీ ఆ ఉత్తరం?" అన్నాడు మేనేజర్. భార్గవి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

రాబిన్ ఇంకొక్క మాట కొట్టి ఎంటర్ నొక్కాడు.

మిషన్‌లోంచి సీడీ పెట్టే పళ్ళెం సర్రున బయటికొచ్చింది. సరిగ్గా మేనేజర్ వైపు నాలుక చాపినట్టు.

"వారెవ్వా!" అని అరిచాడు ప్రశాంత్.

"లోపల అంతా నడుస్తనే ఉంది సార్. అక్షరాలు చిన్నగ చేసి, తెర మీద ఎక్కువ లైన్లు పట్టేటట్టు చెయ్యమని వీళ్ళు అడిగిన్రు. నిన్న అందుకోసం ఒక లైను రాసిన. ఆ సైజు ఈ కెర్నళ్ళకు పడలే. పోయేముందు ప్రశాంత్‌ను పిలిచి చూపియ్యాల్సింది. ఆ తప్పు నాది. చెరిపేయాల్సింది ఆ ఒక్క లైనే. అందరి పనీ కాదు."

అదే ఆగిన తెర ముందు కూర్చుని ఆ లైను తీసేశాడు. మిషన్ మళ్ళీ మొదలైంది. ఈసారి తెర నిండా లైన్లు పరుగెత్తాయి. ప్రశాంత్ వాటిని గొంతెత్తి చదువుతూ పోయాడు, చివర పేరు అడిగే దాకా.

"లేచిందప్పా!" అంది భార్గవి. ఈసారి నవ్వలేదు.

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "సంతోషమండీ. అయినా రేపట్నుంచి కింద కూర్చోండి."

"మిషన్ లేచింది కద సార్."

"లేచింది. కాదనను. రేపు బొంబాయి వాళ్ళు వస్తున్నారు. పైన ఇంజనీర్ల మధ్య మిమ్మల్ని చూస్తే ఏమనుకుంటారు? కంపెనీ పరువండీ. కాస్త అర్థం చేసుకోండి."

"అర్థమైంది సార్. కూర్చోను."

"వాదించకండి. మీ కుర్చీ ఇప్పుడే కిందికి దింపిస్తున్నా."

"దింపండి. నేల ఉంటది కద."

ప్రశాంత్ తల వంచుకున్నాడు. సాయంత్రానికి కుర్చీ కిందికి పోయింది.

మర్నాడు పొద్దున, బొంబాయి వాళ్ళ కారు రాకముందే, రాబిన్ టెలిఫోన్ బోర్డు దాటి పైకొచ్చి, తన కంప్యూటర్ ముందు నేల మీద చతికిలబడి, అంతదాకా ఒక్కో మెట్టూ తడిమి తనకు దారి చూపిన తెల్లకర్రను మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.