పడవల బండి

“ఆ చట్రం ఊడదీయి. పడవల్ని బోర్లించి కట్టేట్టు మళ్లా చెయ్యి,” అన్నాడు బండి యజమాని పుల్లయ్య.

కంభం చెరువులోని దొరవారి రెండు చిన్న తెరచాప పడవలను స్టేషనుకు చేర్చడానికి వడ్రంగి అబ్రహాము బండిమీద ఆ చట్రం బిగిస్తున్నాడు. వాటిలో ఒకటి తిరగబడి, పోయిన నెల దాన్ని నడిపే అతని తమ్ముడు మునిగిపోయాడు.

“పీనుగ లేచిన మంచాన్ని బోర్లించినట్టా? మావాడు నీకంత మైలయినాడా?”

“నోరు అదుపులో పెట్టుకో. బండి నాది.”

“నేను చెయ్యను. వేరేవాణ్ణి పిలిపించుకో.”

పుల్లయ్య సుత్తి లాక్కుని తానే మేకులు పెరకసాగాడు.

“మీ అమ్మ తన చీరెతో అతుకేసిన తెరచాప ఆ పడవలోనే ఉండాది గదరా. బండి మీ వాకిలి ముందర్నించే పోవాల. బోర్లిస్తే ఆమెకు కనపడదు.”

అబ్రహాము చెయ్యి చాపాడు.

“అట్ల పెరికితే కొయ్య చీలుతుంది. సుత్తి ఇటియ్యి, మామా,” అన్నాడు.