ముంగిస మూకుడు

ఒక దొడ్డిలో ఏళ్ల తరబడి కాపలా కాస్తున్న కుక్క మీద, ఆ పని తనకే ఇమ్మని ముంగిస పోటీకి దిగింది. పాము అన్నదాన్ని దొడ్డిలోకి రానివ్వనంది. నిజమే, కానీ ముంగిస గుడ్లు తింటుందని కోళ్లన్నిటికీ తెలుసు. కుక్కే గెలుస్తుందనీ తెలుసు.

తడిక చాటున రెండు మూకుళ్లు పెట్టారు. కోళ్లు ఒక్కొక్కటే లోపలికి వెళ్లి, నచ్చినవారి మూకుట్లో ఒక జొన్నగింజ వేసి వచ్చాయి.

ముసలి బాతు తడిక తీసింది. ముంగిస మూకుడు నిండిపోయి ఉంది. కుక్క మూకుట్లో మూడే గింజలు.



"ఒట్టు, నేను నీకే వేశాను," అంది నల్లపెట్ట, కుక్క మొహం చూడకుండా.

"నేనూ అంతే," అన్నాయి మిగతావి.

"మరి ఆ గింజలన్నీ ఎవరివి?" అంది కుక్క.

తెల్లపెట్ట ఏడ్చేసింది. "పగలంతా నిద్రపోతున్నావని కోపమొచ్చింది. మిగతావాళ్లు ఎలాగూ నీకే వేస్తారు కదా, నేనొక్కదాన్నే నీకు కాస్త బుద్ధి చెబుదామనుకున్నాను."

కోళ్లు తలలు దించుకున్నాయి. దేనికది అలాగే అనుకుంది మరి.

కుక్క లేచి, ఒళ్లు దులుపుకుని, దొడ్డి దాటి వెళ్లిపోయింది.

అప్పుడొచ్చింది ముంగిస. "నాకు గింజ వేసినవాళ్లు ఇటు రండి. మీ గుడ్ల జోలికి రాను."

అందరికంటే ముందు నల్లపెట్ట పరిగెత్తింది. దాని వెనకే కోళ్లన్నీ. కుక్కకు వేసిన ఆ మూడూ వాటిలోనే ఉన్నాయి.

ముంగిస అన్నిటినీ తేరిపార చూసి, మెల్లగా అడిగింది.

"అందరూ నావాళ్లేనా? మరి నేనేం తినాలి?"